అభ్యసన ఒప్పందం

అభ్యసన ఒప్పందం అంటే విద్యార్థి ఏమి, ఎప్పటిలోగా నేర్చుకోవాలో, ఉపాధ్యాయుడు ఏ సాయం చేయాలో ఇద్దరూ కలిసి రాసుకునే పత్రం. మాల్కం నోల్స్ 1986లో దీనిపై పుస్తకం వెలువరించి వయోజన విద్యలో ప్రాచుర్యం కల్పించాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 9న మొదలైన అమ్మఒడి పథకం దీనికి దూరపు చుట్టం: తల్లులకిచ్చే ఏటా రూ.15,000 సాయానికి పిల్లల 75 శాతం హాజరు షరతుగా ఉండేది. ఆ షరతు తల్లితో, హాజరుతో ముడిపడింది. పదో తరగతి గట్టెక్కలేని పిల్లలకు కావలసింది మాత్రం చదువుతో ముడిపడిన ఒప్పందం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో తల్లిదండ్రులు వలస వెళ్లిన ఇళ్లలో ఈ ఒప్పందంపై పెద్దల సంతకం ఎవరు పెడతారన్నది ఒక అభ్యంతరం. ఒప్పందం ప్రధానంగా విద్యార్థికీ ఉపాధ్యాయుడికీ మధ్యది కాబట్టి తాతో నాయనమ్మో సాక్షిగా ఉంటే చాలు. సంతకమే బెదిరింపుగా మారుతుందన్న అనుమానం మరింత బరువైనది. లక్ష్యం వారానికి పది లెక్కలంత చిన్నదై, తప్పితే శిక్ష కాక సవరణే ఉన్నప్పుడు ఆ భయం తగ్గుతుంది.