గోనెసంచులు అమ్ముకున్న దేశం

1974లో బంగ్లాదేశ్ క్యూబాకి నలభై లక్షల గోనెసంచులు అమ్మింది. దేశం పుట్టి మూడేళ్లు కాలేదు, చేతిలో డాలర్లు లేవు, అమ్ముకోడానికి ఉన్నదల్లా జనపనార. కొనేవాడు దొరికితే అమ్మక ఏం చేస్తుంది? క్యూబాతో వ్యాపారం చేసే దేశానికి తిండిగింజల సాయం ఇవ్వకూడదని అమెరికా చట్టం. రావలసిన గోధుమలు ఆగాయి. ఢాకా ఆ ఎగుమతి మానుకున్నాక గానీ ఓడలు కదల్లేదు. సాయం అనే మాటకి ఇదీ ఒక అర్థమే.

ఆ ఏడాది కరువులో పోయినవాళ్లు ప్రభుత్వ లెక్కలో 26 వేలు. బయటివాళ్ల అంచనాలు దానికి ఎన్నో రెట్లు. అమర్త్య సేన్ తరవాత లెక్కలు తీస్తే, తలకి దక్కాల్సిన ధాన్యం ఆ ఏడాది ముందు వెనక సంవత్సరాలకంటే తక్కువేం కాదని తేలింది. తగ్గింది పని. బ్రహ్మపుత్ర వరదల్లో నాట్లు పోయాయి, నాట్లతోపాటు కూలీ పోయింది, బియ్యం ధర మాత్రం ఎగిరింది. రంగపూర్, మైమెన్‌సింగ్ వైపు ముందుగా రాలిపోయింది భూమిలేని కూలీలే.

జనపనార కథ అంతకుముందునించీ అన్యాయంగానే నడిచింది. దేశ విభజనలో చేలు తూర్పు బెంగాల్‌కీ మిల్లులు కలకత్తా వైపుకీ పోయాయి. 1951లో నారాయణగంజ్‌లో ఆదంజీ మిల్లు వచ్చింది. పాకిస్తాన్‌కి విదేశీ డబ్బు తెచ్చింది ఎక్కువగా ఈ నారే, ఖర్చయింది ఎక్కువగా పశ్చిమాన. 1971 వెనక ఈ కడుపుమంట కూడా ఉంది. తరవాత ప్లాస్టిక్ సంచులొచ్చాయి. 2002లో ఆదంజీ మూతపడింది. చిట్టివలస, నెల్లిమర్ల మిల్లుల సంగతి ఎరిగిన ఉత్తరాంధ్రవాళ్లకి ఇందులో కొత్తేం లేదు.

ఆ చోటులోకి కుట్టుమిషన్ వచ్చింది. ధనిక దేశాలు బట్టల దిగుమతికి కోటాలు పెట్టడంతో, కోటా నిండిన కొరియా కంపెనీ దేవూ కోటా లేని దేశాన్ని వెతుక్కుంది. దేశ్ గార్మెంట్స్‌తో ఒప్పందం చేసుకుని, 1979లో సుమారు 130 మందిని కొరియా తీసుకెళ్లి పని నేర్పింది. వాళ్లలో చాలామంది కొన్నేళ్లకే బయటికొచ్చి వేరే ఫ్యాక్టరీలు నిలబెట్టారు. ఇవాళ ఎగుమతుల్లో నూటికి ఎనభై పైన బట్టలే. అయినా లోటు పూడలేదు. పత్తి, నూలు, యంత్రాలు బయటినుంచే కొనాలి. మిగిలిన కంతల్లో చాలావాటిని పూడ్చేది గల్ఫ్‌లో కూలికెళ్లినవాళ్లు పంపే డబ్బు. పనిచేసేవాళ్లలో నూటికి నలభైమంది దాకా ఇంకా పొలాల్లోనే, కానీ జాతీయాదాయంలో వ్యవసాయం వంతు ఎనిమిదో భాగం దగ్గరే.

2013 ఏప్రిల్ 23న ఢాకా పక్క సావర్‌లో రాణా ప్లాజా గోడలు బీటలిచ్చాయి. కింద అంతస్తులో ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని ఇంటికి పంపేసింది. పై అంతస్తుల్లో కుట్టుపనివాళ్లని మాత్రం మర్నాడు రమ్మన్నారు, రాకపోతే జీతం ఇవ్వమన్నారు. అప్పటి కనీస వేతనం నెలకి 3,000 టాకాలు. వెళ్లారు. 1,134 మంది తిరిగి రాలేదు.