వరాహ లాంఛనం, మక్క చేను

చరిత్ర గ్రంథాలలో వరాహం ఎప్పుడూ రాజుల పక్షాన కనిపిస్తుంది. బాదామి చాళుక్యుల లాంఛనం వరాహం. వేంగీ చాళుక్యుల తామ్రశాసనాల ముద్రికలపై వరాహం. కాకతీయుల రాజచిహ్నంలోనూ, విజయనగర రాజచిహ్నంలోనూ అదే. విజయనగర కాలపు బంగారు నాణెం పేరే వరాహ. మా కొడిమ్యాలకు పొరుగున, గంగాధర మండలంలోని కురిక్యాల బొమ్మలగుట్ట మీద, పదవ శతాబ్దిలో జినవల్లభుడు చెక్కించిన తెలుగు కందపద్యాలను గురించి చదువరులకు చెప్పనక్కరలేదు. అతని అన్న పంపకవిని ఆదరించిన రెండవ అరికేసరి వేములవాడ చాళుక్యుడు. అంటే, వరాహాన్ని లాంఛనంగా ధరించిన వంశపు పేరు వెయ్యేళ్ళ కిందటే మా గుట్టల దాకా వచ్చింది. ఆ గుట్టల్లో తిరిగే అసలు వరాహం మాత్రం అంతకు ఎంతో ముందునుంచీ ఉన్నదే. దానివల్ల రైతు పడిన బాధను చెప్పే శాసనమేదీ ఇంతవరకు నా కంటబడలేదు.

ఆ బాధను నేను మొదట చూసింది మా మేనమామ మంచె మీద. గుట్ట కింది చెలకలో మక్క కంకి పాలు పోసుకునే రోజుల్లో చీకటి పడగానే చేనుకొక మనిషి చొప్పున మంచె ఎక్కేవారు. ఒకరు డబ్బా కొడితే పక్క చేనువారు కేక వేసేవారు. ఆ కేక ఒర్రె అవతలిదాకా పాకేది. నెగడు, వడిసెల, కుక్క, కేక. ఇవే వారి ఆయుధాలు. తెల్లవారి చూస్తే ఎక్కడో ఒక మూల పల్లికాయ చాళ్ళు నాగలి దున్నినట్లు తిరగబడి ఉండేవి. అయినా పంట ఇల్లు చేరేది.

కొన్నేళ్ళ కిందట ఊరికి వెళ్ళినప్పుడు, రాత్రి భోజనం తరువాత, పాత అలవాటుకొద్దీ ఆ చేను వైపు నడిచాను. వెనకనుంచి మామ అరుపు: "ఆగు అల్లుడా! కదలకు! తీగకు కరెంటున్నది!" అడుగు దూరంలో, మోకాలి ఎత్తున, సన్నని ఇనుప తీగ. చాలాసేపు మా ఇద్దరికీ మాట రాలేదు. ఆ తరువాత అడిగాను, "మన చిన్నప్పుడు పందులు లేవా మామా?"

"ఉండె. మనుషులు గూడ ఉండిరి," అన్నాడాయన.

ఆ ఒక్క మాటలో మా ప్రాంతపు యాభై ఏళ్ళ చరిత్ర ఉంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి 1970ల తరువాత గల్ఫ్ వలస పెరుగుతూ వచ్చింది. మంచె ఎక్కవలసిన వయసువారు ఎడారి దేశాలకు వెళ్ళారు. మామ కొడుకు కూడా దుబాయిలో ఒక భవనానికి రాత్రి కావలి కాస్తున్నాడు! కావలి మన చేనునుంచి ఎక్కడికి తరలిపోయిందో ఇంతకంటే ఏం చెప్పాలి? పందిని వేటాడే పులి, రేసుకుక్క ఈ గుట్టల్లో కరువయ్యాయి. శ్రీరాంసాగర్ కాలువ నీళ్ళు, బోరుబావులు వచ్చి, రాత్రిపూట మేతకు పచ్చని చేను ఏడాదిలో ఎక్కువ నెలలు దొరుకుతోంది. ఆడపంది నాలుగు నెలల లోపే ఈని, ఈతకు నాలుగారు పిల్లలను పెడుతుంది. ఆహారం ఉండి, శత్రువు లేకపోతే మంద పెరగక ఏమవుతుంది?

ఇక చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అడవిపంది మూడవ షెడ్యూలులో ఉండేది. 2022 సవరణతో రెండవ షెడ్యూలుకు మారింది. పంటకు ముప్పు తెచ్చే జంతువును చంపేందుకు అధికారి అనుమతి ఇవ్వవచ్చునని పదకొండవ సెక్షన్ చెబుతుంది. 2015-16లో బీహార్, ఉత్తరాఖండ్‌లలోని కొన్ని జిల్లాల్లో కేంద్రం దీనిని ఏడాదిపాటు హానికర జంతువుగా ప్రకటించింది కూడా. 2022లో కేరళ స్థానిక సంస్థల అధ్యక్షులకు చంపే అనుమతి ఇచ్చే అధికారం కల్పించింది. అయితే అనుమతి ఉన్నంత మాత్రాన తుపాకీ పట్టేవాడు రాత్రి రెండు గంటలకు చేనులోకి రావాలి కదా!

అమెరికాలోనూ ఇదే గోల అని కొందరు మిత్రులు అంటారు. పోలిక పూర్తిగా కుదరదు. అక్కడ పంది పరాయిది: 1493లో కొలంబస్ కరీబియన్ దీవులకు, 1539లో డి సోటో ఫ్లోరిడాకు తెచ్చిన పెంపుడు పందుల వంటివి అడవి పట్టి, ఇప్పుడు లక్షల సంఖ్యకు చేరాయి. మన పంది ఈ నేలదే; పులికి ఆహారం, అడవి నేలను తవ్వి తిరగేసే జీవి. దాన్ని తుడిచిపెట్టడం పరిష్కారమైతే, రేపు కవ్వాల్ అడవిలో పులి ఏం తినాలి? ఆ పందికోసం పెట్టిన ఉచ్చులకు, కరెంటు తీగలకు పులులు కూడా బలయ్యాయి. పక్క చేనుకు నీళ్ళు పెట్టబోయిన రైతులూ బలయ్యారు. పందిని మనిషి నుంచి వేరుచేసి గుర్తుపట్టడం మంచె మీది కంటికి తెలుసు, తీగకు తెలియదు.

సౌరకంచె వేరు. అది క్షణకాలపు విద్యుత్ఘాతంతో బెదరగొడుతుంది, ప్రాణం తీయదు. పల్లికాయ చుట్టూ ముళ్ళ కుసుమ వరుసలు వేయమని రాజేంద్రనగర్ శాస్త్రవేత్తలు చెబుతారు. రెండూ మంచివే. కానీ కంచె ఖర్చు ఎకరం, రెండెకరాల రైతు ఒక్కడే భరించేది కాదు. పాత కేకలాగే అది పక్క చేనుతో కలిసినప్పుడే పనికొస్తుంది.

ఆ రాత్రే మామ తీగ చుట్టేశాడు. వారం తిరగకుండా సగం మక్క పోయింది. నష్టపరిహారపు కాగితాలు నేనే రాసిపెట్టాను. అందులో పంట పేరుంది, విస్తీర్ణం ఉంది. రైతు మేల్కొన్న రాత్రులు రాయడానికి చోటు లేదు.

మరుసటి ఏడు ఆయన మక్క వేయలేదు. పత్తి వేశాడు. పంది పత్తిని తినదు, మేమూ తినము.