కొడై చెరువు చుట్టూ ఐదు కిలోమీటర్లు

కొడైకెనాల్ చెరువు మనుషులు కట్టుకున్నది. పళని కొండల మీద, సుమారు 7,000 అడుగుల ఎత్తున, నక్షత్రం ఆకారంలో పాయలు పాయలుగా పరుచుకున్న ఆ నీళ్లను చూసి, అవి అనాదిగా అక్కడే ఉన్నాయని చాలామంది యాత్రికులు అనుకుంటారు. 1863కు ముందు అక్కడ ఉన్నది బురద నేల, మూడు వాగులు వచ్చి కలిసే పల్లం. అప్పటి మధుర కలెక్టర్ వీర్ హెన్రీ లెవింజ్ దానికి కట్ట వేయించి నీళ్లు నిలిపాడు. చేపలు వదిలాడు. తూత్తుకుడి నుంచి మొదటి పడవ తెప్పించాడు. ఉద్యోగం విరమించాక ఈ ఊళ్లోనే కాపురం పెట్టాడు. ఇవాళ చెరువు విస్తీర్ణం సుమారు 60 ఎకరాలు, చుట్టూ ఉన్న దారి పొడవు సుమారు ఐదు కిలోమీటర్లు.

నేను ఉండేది ఈ ఊళ్లోనే. మా ఇంట్లో మాట్లాడేది తెలుగు. కొండ దిగితే పెరియకుళం, తేని, బత్తలగుండు ప్రాంతాల్లో మధుర నాయకుల కాలం నుంచి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణల నుంచి వేసవిలో వచ్చే బంధుమిత్రులకు ఊరు చూపించేటప్పుడు నేను చెప్పే మాట ఒకటే. చెరువు ఎవరు కట్టించారో తెలుసుకుంటే సగం చరిత్ర తెలిసినట్టు. ఆ చెరువులోకి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూస్తేనే మిగతా సగం తెలుస్తుంది. ఆ రెండో సగం కాలినడకన తప్ప కనిపించదు.

దొరలు రాకముందు ఈ కొండలు ఖాళీగా ఏమీ లేవు. పలియర్ గిరిజనులు అడవి మీద బతికారు. కున్నువర్ రైతులు విల్పట్టి, పూంబారై వంటి ఊళ్లలో కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి పంటలు పండించారు. పూంబారై వైపు పండే వెల్లుల్లికి ఇప్పుడు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. 1821లో లెఫ్టినెంట్ వార్డ్ ఈ కొండలను సర్వే చేశాడు. 1834లో మధుర సబ్‌కలెక్టర్ ఒకాయన షెంబగనూరు దగ్గర చిన్న బంగళా కట్టాడు. ఊరు మాత్రం 1845లో మొదలైందని చెప్పుకోవాలి. మైదానంలో జ్వరాలకు, కలరాకు తమ వాళ్లను పోగొట్టుకుంటున్న అమెరికన్ మధుర మిషన్ వాళ్లు ప్రాణాలు దక్కించుకోవడానికి కొండెక్కి రెండు ఇళ్లు కట్టుకున్నారు. షికారు కోసం పుట్టిన ఊరు కాదిది.

ఆ రోజుల్లో పైకి రావడమే ఒక యజ్ఞం. 1875లో కింద మైదానానికి రైలు వచ్చింది. రైలు దిగి ఎడ్లబండిలో పెరియకుళం మీదుగా కృష్ణమ్మ నాయక్ తోపు దాకా వచ్చి, అక్కడి నుంచి కాలిబాటలో కొండ ఎక్కేవారు. నడవలేనివాళ్లను కుర్చీల్లో, డోలీల్లో కూలీలు మోసేవారు. సామాను, బియ్యం, పియానోలతో సహా అన్నీ మనుషుల భుజాల మీదే పైకి వచ్చాయి. ఆ కూలీల పేర్లు ఏ రాతిపలకా చెప్పదు. 1916 నాటికి లాస్ ఘాట్ రోడ్డు తెరుచుకున్నాక మోటారు బళ్లు రావడం మొదలైంది. నేటి బస్సులు ఎక్కేది ఆ రోడ్డే.

ఇక నడకకు వద్దాం. ఏడు రోడ్ల కూడలి దగ్గర దిగితే ఒకపక్క 1901లో మిషనరీల పిల్లల కోసం పెట్టిన స్కూలు, ఇంకోపక్క చెరువు. గట్టు రోడ్డంతా చదునే. పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కూడా తీరిగ్గా గంటన్నరలో చుట్టి రావచ్చు. తెల్లవారి ఆరు గంటలకు బయల్దేరండి. తొమ్మిది దాటితే గుర్రాలు, అద్దె సైకిళ్లు, కార్లు కలిసి నడిచేవాళ్లను పక్కకు నెట్టేస్తాయి. తూర్పు వైపున 1908లో అటవీ అధికారి బ్రయంట్ వేయించిన 20 ఎకరాల తోట ఉంది. చెరువులో 1890 నుంచి ఉన్న బోట్ క్లబ్బు పడవల్లో మామూలు యాత్రికులను ఎక్కించుకున్నది 1932 నుంచే. అంతవరకు గట్టున నిలబడి చూడటమే మనవాళ్ల వంతు.

చెరువుకు అరకిలోమీటరు దూరంలో కోకర్స్ వాక్ ఉంది. ఊరి పటం గీసిన లెఫ్టినెంట్ కోకర్ 1872లో కొండ అంచు వెంబడి వేయించిన కిలోమీటరు బాట అది. ఎడంపక్క ఊరు, కుడిపక్క వేల అడుగుల లోతున మైదానం. పొద్దు మన వీపు వైపు ఉండి, లోయలో మంచు దట్టంగా కమ్మినప్పుడు ఒక వింత కనబడుతుంది. మన నీడే మంచు మీద పడి రాక్షసాకారంలో నిలుస్తుంది, దాని తల చుట్టూ రంగుల వలయం. చేయి ఊపితే అదీ ఊపుతుంది. పక్కనున్న మనిషికి అతని తల చుట్టూనే వలయం కనిపిస్తుంది, మన తల చుట్టూ కాదు. మంచు బిందువుల మీద పడ్డ వెలుగు తిరిగి చూసేవాడి కంటి వైపే రావడం వల్ల ఇలా అవుతుంది.

ఓపిక ఉంటే అబ్జర్వేటరీ రోడ్డు ఎక్కండి. అక్కడి సౌర వేధశాలకు మన కరువుతో చుట్టరికం ఉంది. 1876–78 నాటి ధాత కరువు రాయలసీమను ఎండగట్టిన తర్వాత, వానలకూ సూర్యుడికీ ఉన్న సంబంధం తేల్చాలని కరువు కమిషన్ సూచించింది. ఆ ఆలోచనే కొనసాగి, 1899లో మద్రాసు వేధశాల పని ఈ కొండ మీదకు వచ్చింది. 1909లో జాన్ ఎవర్షెడ్ ఇక్కడే సూర్యుడి మచ్చల్లో వాయువుల కదలికను కనిపెట్టాడు. హైదరాబాదులో పెరిగి, నిజాం కాలేజీలో చదివిన వైను బప్పు 1960లో దీనికి అధిపతిగా వచ్చాడు.

ఇప్పుడు ఆ రెండో సగం. ఈ కొండల సహజ రూపం రెండు ముక్కల కలయిక. వాలు మీద గడ్డి మైదానం, మడతల్లో షోలా అడవి. షోలా చెట్లు ఆకాశాన్ని తాకవు. నాచు పట్టిన వంకర కొమ్మలతో, పొట్టిగా, చిక్కగా పెరుగుతాయి. అడవి చంపకం, నేరేడు జాతులు, ఎర్రపూల రోడోడెండ్రాన్ అందులో ఉంటాయి. బేర్ షోలా దారిలో లోపలికి వెళ్లి వంగి చూడండి. పైన ఎండుటాకులు, వాటి కింద సగం కుళ్లిన ఆకులు, ఇంకా కింద నల్లటి మన్ను. మార్చి ఎండల్లో కూడా రెండు వేళ్లు గుచ్చితే తడి తగులుతుంది. వర్షాన్ని, మంచును ఆ మన్ను స్పాంజిలా పీల్చుకుని నెలల తరబడి కొంచెం కొంచెంగా వాగుల్లోకి వదులుతుంది. గడ్డినేల కూడా అదే పని చేస్తుంది. లెవింజ్ కట్ట వేశాడు సరే, వేసవిలోనూ ఆ కట్ట వెనక నీళ్లు నిలబడుతున్నది ఈ అడవి పుణ్యాన.

ఆ తర్వాతి వాళ్లు ఇది గమనించలేదు. వంటచెరకుకూ కలపకూ యూకలిప్టస్, తోళ్లు పదును చేయడానికి వాటిల్, వీటికి తోడు పైన్ నాటారు. పైన్ తోపును 1906లో మొదలుపెట్టింది ఆ బ్రయంటే. యాత్రికులు ఎగబడి ఫోటోలు దిగే ఆ తోపులో నేల మీద సూదుల్లాంటి ఆకులు తప్ప మొలకంటూ కనిపించడం అరుదు. వాటిల్ అయితే వేసిన చోట ఆగలేదు, గడ్డినేలను మింగుతూ పోయింది. పన్నెండేళ్లకోసారి కొండకు నీలం రంగు పూసే కురింజి పెరిగేది ఆ గడ్డినేలలోనే. 2018లో పూసింది. మళ్లీ 2030లో పూయాలంటే నేల మిగిలి ఉండాలి.

ఇంకో గాయం చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేను. పాంబార్ షోలా పై వాలున 1980ల్లో థర్మామీటర్ల ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. పాదరసం అంటిన గాజు వ్యర్థాల గొడవతో 2001లో మూతపడింది. హైదరాబాదులోని అణుశక్తి శాఖ ప్రయోగశాల శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో చెరువు నీటిలో, అడుగు మట్టిలో, చేపల్లో పాదరసం ఉన్నట్టు తేలింది. గాలితోపాటు వ్యాపించి నాచులోనూ చేరింది. పోరాడిన మాజీ కార్మికులు 591 మందితో కంపెనీకి 2016లో గాని రాజీ కుదరలేదు. కొండ మీద ఒకచోట చేసిన పాపం ఆ చోటే ఉండిపోదు. చెరువు పొర్లిన నీళ్లు ఘాట్ రోడ్డులో సిల్వర్ కాస్కేడ్‌గా 180 అడుగుల కిందికి దూకి మైదానం వైపు పోతాయి. బస్సు ఆపుకుని మీరు మొదట చూసే జలపాతం అదే. గట్టున మనం పారేసిన కవరు కూడా ఆ దారే పడుతుంది.

మంచి పనులూ జరుగుతున్నాయి. చుట్టుపక్కల అడవిలో 600 చదరపు కిలోమీటర్లకు పైగా 2013లో అభయారణ్యం అయింది. ఊరికి 20 కిలోమీటర్లు దాటి ఉన్న బెరిజం చెరువుకు అటవీ శాఖ అనుమతి లేనిదే పోనివ్వరు. ఆ నీళ్లు పెరియకుళం జనం తాగుతారు కాబట్టి ఆ కట్టుబాటు న్యాయమే. 2024 మే నుంచి, హైకోర్టు ఆదేశం మీద, పైకి వచ్చే వాహనాలకు ఈ-పాస్ ఉండాలి. స్థానికులు కొందరు వాటిల్ కొట్టేసిన చోట షోలా మొక్కలు పెంచి నాటుతున్నారు. అవి నిదానంగా ఎదుగుతాయి, నాటినవాళ్ల జీవితకాలంలో అడవి కావు. అది తెలిసే నాటుతున్నారు.

నా కోరిక చిన్నది. చెరువు గట్టున పడవల రేట్ల బోర్డులున్నాయి, గుర్రాల రేట్ల బోర్డులున్నాయి. మూడు వాగులు చెరువులో కలిసే చోట్ల మూడు బోర్డులు పెట్టాలి. ఈ నీళ్లు ఏ అడవి నుంచి వచ్చాయో, ఆ అడవికి ఏం జరిగిందో తమిళంలో, తెలుగులో, ఇంకో రెండు భాషల్లో రాయాలి. అవి వచ్చేదాకా ఆ పని మనమే నోటితో చేద్దాం. కొడైకి వచ్చినప్పుడు ఒక పూట పడవకు ఇవ్వండి, ఒక పూట షోలాకు ఇవ్వండి. వెంట వచ్చిన పిల్లల చేత ఆ నల్ల మన్నులో వేళ్లు పెట్టించండి. ఈ చెరువు ఎందుకు ఎండిపోలేదో వాళ్లకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు.