కీబోర్డు బటన్ వెనక మనిషి

కాసియో కంపెనీ 1981లో ఎంటీ-40 అనే చిన్న కీబోర్డును అమ్మకానికి పెట్టింది. కుడిచేతికి 37 మెట్లు, వాటి ఎడమపక్కన మంద్రస్వరాలకు విడిగా మరో 15 బుల్లి మెట్లు, పైన లయను ఎంచుకునే మీట, వేగం పెంచి తగ్గించే మీట. కరెంటు లేకపోయినా బ్యాటరీలతో పనిచేస్తుంది. లయను ‘రాక్’ మీద పెట్టి, సింక్రో బటన్ నొక్కి, బాసు మెట్లలో డి అనే మెట్టును తాకితే చాలు, డ్రమ్సూ బాసూ కలిసి ఒక చరణాన్ని తమంతట తామే వాయించడం మొదలుపెడతాయి. ఆపేదాకా అదే చరణం తిరిగి తిరిగి వస్తుంది. వాయించేవాడు చేసింది మూడు వేళ్ళ పని. ఇలాంటి సదుపాయాల్ని చూసే కీబోర్డును చాలామంది సంగీతజ్ఞులు చిన్నచూపు చూశారు: తాళం అదే వేస్తుంది, శ్రుతి అదే మారుస్తుంది, వయొలిన్ గొంతూ వేణువు గొంతూ అదే పలుకుతుంది, ఇక మనిషి చేసేదేముంది అని. ఆ బటన్ల చరిత్రను కాస్త ఓపిగ్గా తిరగేస్తే ఈ చిన్నచూపు నిలవదని నా వాదన. బటన్ నొక్కితే వినిపించేది ఎవరో ఒక సంగీతజ్ఞులు అంతకుముందే కూర్చుని తేల్చిన సంగతి. దాన్ని తర్వాత ఎవరు, ఎక్కడ, ఎంత వేగంతో, దేనికోసం వాడుకున్నారన్నది రెండో సంగతి. కీబోర్డు చరిత్ర ఈ రెండిటి మధ్యా నడిచింది.

ఈ సదుపాయాలకు మూలం ఒంటరి వాద్యగాడి అవసరంలో ఉంది. అమెరికాలో హామండ్ ఆర్గాన్ 1935లో వచ్చింది. చర్చీల కోసం అనుకున్నది క్రమంగా ఇళ్ళలోకీ చేరింది. ఇంట్లో సాయంత్రంపూట ఒక్కరే కూర్చుని వాయించుకునే మనిషికి పక్కన డ్రమ్ములవాడు ఉండడు, బాసు వాయించేవాడు ఉండడు, పైగా రెండు చేతులతో సాధన చేసే తీరికా ఉండదు. 1950లో హామండ్ వాళ్ళే తెచ్చిన కార్డ్ ఆర్గాన్‌లో ఎడమచేతి కోసం 96 బటన్లు పెట్టారు, ఒక్కో బటన్‌కు ఒక్కో కార్డు. 1959లో వుర్లిట్జర్ కంపెనీ సైడ్‌మ్యాన్ అనే పెట్టెను అమ్మింది. అందులో ఒక పళ్ళెం గుండ్రంగా తిరుగుతూ, దాని మీది స్పర్శ బిందువులు తగిలినప్పుడల్లా వాల్వులతో చేసిన సర్క్యూట్ల చేత డప్పుల చప్పుడు పలికిస్తుంది. పళ్ళెం వేగం పెంచితే లయ వేగం పెరుగుతుంది. వాల్ట్జ్ ఎక్కడ దెబ్బ పడాలో, టాంగో ఎక్కడ విరామం తీసుకోవాలో ఆ బిందువుల్ని అమర్చినవాళ్ళే తేల్చారు. యంత్రం చేసేది తిరగడం ఒక్కటే. జపాన్‌లో ఇకుతారో కకెహాషి తన ఏస్ టోన్ కంపెనీ ద్వారా 1967లో తెచ్చిన రిథమ్ ఏస్‌లో 16 లయలు ఉండేవి, రెండు బటన్లు ఒకేసారి నొక్కితే రెండు లయలూ కలిసిపోయేవి. లయలు కట్టినవాళ్ళు ఇచ్చినవాటిని కలిపి కొత్తది చేసుకునే వీలు అందులో ఉండేది. ఆ కకెహాషే 1972లో రోలాండ్ స్థాపించాడు, 1983లో వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మిడి పద్ధతి రావడానికి అమెరికాలోని డేవ్ స్మిత్‌తో పాటు ముఖ్యకారకుడయ్యాడు.

కాసియో ఈ రంగంలోకి క్యాలిక్యులేటర్ల వైపు నుంచి వచ్చింది. కషియో సోదరుల కంపెనీ 1957లో రిలేలతో నడిచే క్యాలిక్యులేటర్ చేసి పేరు తెచ్చుకుంది. చిప్పులు చవకైన కొద్దీ అంకెలు లెక్కపెట్టే చిప్పుతో స్వరాలనూ లెక్కగట్టించవచ్చని అనుకున్నారు. సోదరుల్లో ఒకరైన తోషియో కషియో పూనికతో 1980లో కాసియోటోన్ 201 వచ్చింది. ఆ ఏడాదే హిరోకో ఒకుదా అనే యువతి కునితాచి సంగీత కళాశాలలో చదువు ముగించి కాసియోలో చేరింది. కాలేజీలో ఆమె పరిశోధనా వ్యాసం రెగే సంగీతం గురించి. జమైకా పాటలు జపాన్‌కు అప్పుడప్పుడే చేరుతున్న రోజులవి. చేరీ చేరగానే ఆమెకు అప్పగించిన పని ఎంటీ-40కి లయలు కట్టడం. చిప్పులో స్థలం అతి తక్కువ. ఒక్కో లయకు నాలుగు దెబ్బలు ఎక్కువ వేసినా పట్టదు. అంత ఇరుకులో, బాసు ఎక్కడ కదలాలో ఎక్కడ ఆగాలో ఆమె తేల్చింది. ఆమె కట్టిన ‘రాక్’ బాసులో రాక్ కంటే రెగే నడకే ఎక్కువ. పెట్టె మీద మాత్రం ఆమె పేరు లేదు, ఆ రోజుల్లో ఏ కీబోర్డు మీదా అలా ఎవరి పేరూ వేసేవారు కాదు.

నాలుగేళ్ళ తర్వాత ఆ లయ తన ఊరు వెతుక్కుంటూ వెళ్ళింది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో నోయెల్ డేవీ అనే వాద్యగాడి దగ్గర ఒక ఎంటీ-40 ఉండేది. దాన్ని అటూ ఇటూ నొక్కి చూస్తూ అతనూ గాయకుడు వేన్ స్మిత్తూ ఈ రాక్ లయ దగ్గర ఆగారు. నిర్మాత కింగ్ జామీ దగ్గరికి తీసుకెళ్ళారు. జామీ చేసిన అసలైన పని వేగం తగ్గించడం. రాక్ వేగంలో గెంతుతున్న బాసు, వేగం తగ్గగానే బరువుగా, ఊగుతూ నడవడం మొదలుపెట్టింది. మీద కొద్దిగా చప్పట్లూ పియానో కార్డులూ చేర్చి, వేన్ స్మిత్ పాడిన ‘అండర్ మి స్లెంగ్ టెంగ్’ పాటను తయారుచేశారు. 1985 ఫిబ్రవరిలో వాల్తామ్ పార్క్ రోడ్డులో బ్లాక్ స్కార్పియో అనే సౌండ్ సిస్టమ్ (పెద్ద స్పీకర్లతో పాటలు వినిపించే బృందం)తో జరిగిన పోటీలో జామీ దీన్ని వినిపించాడు. జనం ఊగిపోయారు. తర్వాత అదే బాసు మీద వందల పాటలు వచ్చాయి, జమైకా సంగీతం డిజిటల్ దారి పట్టింది. అక్కడి పద్ధతిలో ఒకే బాసు, ఒకే లయ మీద పది మంది గాయకులు పది పాటలు కట్టడం ఎప్పటి నుంచో ఉన్నదే. మన నాటకాల్లో ఒకే వరస మీద వేర్వేరు పద్యాలు పాడినట్టు. కాబట్టి ఒక బటన్ లోపలి లయను తీసుకోవడం వాళ్ళకు దొంగతనంగానీ సోమరితనంగానీ అనిపించలేదు.

ఇదంతా కాకతాళీయం అనవచ్చు. ఒకామె ఎక్కడో ఒక లయ కట్టింది, ఇంకొకరు ఎక్కడో దాన్ని పట్టుకున్నారు, ఇందులో బటన్ గొప్పేమిటి అని. బటన్ గొప్ప ఏమీ లేదు, ఒప్పుకుంటాను. గొప్ప రెండు చివర్లా ఉన్న మనుషులది. రెగే చదివిన మనిషి కట్టిన బాసు రెగే వాళ్ళ చెవికే తగలడం పూర్తిగా కాకతాళీయం అని నేను అనుకోను. రాక్ అని పేరుపెట్టినా దాని ఎముకలు జమైకావి. ఆ ఎముకల్ని గుర్తుపట్టడానికి, ఏ వేగంలో అది నడుస్తుందో తెలుసుకోవడానికి జామీ లాంటి చెవి కావాలి. ప్రపంచమంతా అమ్ముడైన ఆ పెట్టెలో అదే లయ చాలామంది ఇళ్ళలో మోగే ఉంటుంది. అందరి చేతుల్లోనూ అది స్లెంగ్ టెంగ్ కాలేదు. బటనే పని చేసేస్తుందనేవాళ్ళు జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఇది.

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. లయ బటన్ వచ్చాక డ్రమ్ములవాడి పొట్ట కొట్టినట్టే కదా? కొట్టినట్టే. కింగ్‌స్టన్ స్టూడియోల్లో 1985 తర్వాత వాద్యబృందాలకు పని తగ్గిపోయింది, దాన్ని దాచి ప్రయోజనం లేదు. 1982లోనే బ్రిటన్ సంగీతకారుల సంఘం లండన్ శాఖ ఒకటి సింథసైజర్లను, డ్రమ్ యంత్రాలను నిషేధించాలని తీర్మానం చేసింది. మొత్తం సంఘంలో ఆ తీర్మానం నెగ్గలేదు గానీ దాని వెనక ఉన్న భయం నిజమైనది. నా అభ్యంతరం ఆ భయానికి కాదు, దాని లెక్కకు. పని పోయిన చోటును లెక్కపెట్టి, పని పుట్టిన చోటును విడిచిపెట్టడం దాని లోపం. బాసు గిటారు కొనలేని, పది మందిని కూడగట్టలేని కుర్రాడు తొలిసారిగా పూర్తి పాటను వినిపించగలిగింది ఈ చవక పెట్టెతోనే. మన పక్క పల్లెటూరి చర్చీలో, భజన మందిరంలో, పెళ్ళి ఆర్కెస్ట్రాలో ఒక కీబోర్డు, రెండు ప్యాడ్లతో పాటకచేరీ జరుగుతోందంటే, వాటి స్థానంలో పదిమంది వాద్యగాళ్ళు ఉండేవారని అనుకోవడం భ్రమ. చాలాచోట్ల ఏమీ ఉండేది కాదు, లేదా ఒక హార్మోనియం, ఒక డోలక్ ఉండేవి.

హార్మోనియం మాట వచ్చింది కాబట్టి, మన దేశంలో ఈ తగాదా కీబోర్డుతో మొదలు కాలేదని చెప్పాలి. అలెగ్జాండర్ డెబెయిన్ 1840ల నాటికి పారిస్‌లో రూపొందించిన వాద్యానికి కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875 ప్రాంతంలో చేతితో గాలి కొట్టే రూపం ఇచ్చాడు. కాళ్ళు మడుచుకు కూర్చునే మన కచేరీకి అది నప్పింది, తెలుగు పద్యనాటకానికి ప్రాణమైంది. 1940 నుంచి 1971 దాకా ఆలిండియా రేడియోలో మాత్రం దానికి ప్రవేశం లేకపోయింది. కారణం గమకం. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న చోటును హార్మోనియం పలకలేదు, అందులో స్వరం జారదు, ఊగదు. ఎలక్ట్రానిక్ కీబోర్డు మీద కర్ణాటక విద్వాంసులు వేసిన మొదటి ప్రశ్న కూడా ఇదే. దీనికి సమాధానం కీబోర్డు ఎడమ చివర ఉన్న చిన్న చక్రంలో దొరికింది. 1970లో వచ్చిన మినీమూగ్‌లో మెట్ల ఎడమపక్కన రెండు చక్రాలు పెట్టారు: ఒకటి స్వరాన్ని పైకీ కిందికీ వంచేది, రెండోది కంపింపజేసేది. పాశ్చాత్య వాద్యగాళ్ళు దాన్ని గిటారు తీగను లాగిన ధ్వని కోసం వాడారు. చెన్నైలో కె. సత్యనారాయణన్ లాంటి విద్వాంసులు ఆ చక్రాన్ని కచేరీ స్థాయికి తెచ్చారు. కుడిచెయ్యి స్వరం మెట్టు నొక్కుతుంటే, ఎడమచేతి వేళ్ళు చక్రాన్ని ఆడిస్తూ గమకం పలికిస్తాయి. వీణలోనూ కుడిచెయ్యి మీటుతుంది, ఎడమచెయ్యి తీగను పక్కకు లాగి గమకం తెస్తుంది. రెండు చేతుల మధ్య పని పంపకం అదే. అమెరికా ఇంజనీరు వేరే ఉద్దేశంతో పెట్టిన చక్రం మన వీణ ఎడమచేతికి పని ఇచ్చింది. దానికి హద్దులున్నాయి: చక్రం తిప్పితే అప్పుడు మోగుతున్న స్వరాలన్నీ కలిసే వంగుతాయి, మామూలుగా అది రెండు అర్ధస్వరాల దూరమే వంచుతుంది, సెట్టింగు మార్చుకుంటే తప్ప. ఆనందభైరవి గాంధారం సూక్ష్మత అందులో అచ్చంగా దిగిందా అని పట్టుబట్టే విద్వాంసులతో నేను గొడవపడను. కానీ హార్మోనియం దగ్గర ముగిసిపోయిందనుకున్న చర్చను ఈ చక్రం మళ్ళీ తెరిచింది.

ట్రాన్స్‌పోజ్ బటన్‌ది ఇంకా ముతక కథ. గాయకుడు ‘ఒకటిన్నర శ్రుతి’ అంటాడు, గాయని ‘అయిదున్నర’ అంటుంది. తెల్ల మెట్లను ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెట్టి, నల్ల మెట్లకు ‘ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, అయిదున్నర, ఆరున్నర’ అనడం మన లెక్క. మూడుకూ నాలుగుకూ మధ్య నల్ల మెట్టు లేదు కనుక మూడున్నర శ్రుతి అన్న మాటే ఉండదు. సి నుంచి వేళ్ళు నేర్చుకున్న కీబోర్డువాడు ఒక బటన్‌తో అన్నీ ఒక అర్ధస్వరం పైకి జరిపి, ఒకటిన్నరకు దిగిపోతాడు. మిగతా శ్రుతులు నేర్చుకోకుండా మోసం చేస్తున్నాడని గురువులు విసుక్కుంటారు. అయితే అమెరికా పాటల కర్త ఇర్వింగ్ బెర్లిన్ దాదాపు అన్ని పాటలూ కట్టింది ఒకే శ్రుతిలో, ఎక్కువగా నల్ల మెట్ల మీదే. మెట్ల వరుసనే జరిపే లీవరున్న పియానో అతని దగ్గర ఉండేది. మన హార్మోనియం తయారీదార్లూ స్కేల్ ఛేంజర్ పెట్టెల్ని అందుకే చేశారు. ఒకే శ్రుతిలో నేర్చినవాడికి వినికిడి తక్కువని దీన్నిబట్టి తేల్చలేం. గాయకుడి గొంతు మారినా చెయ్యి మారనక్కర్లేకపోతే, చెవి పాట మీదే నిలుస్తుంది. పన్నెండు శ్రుతుల్లోనూ వేళ్ళు తిరిగినవాడు ఎప్పుడూ మెరుగే, అది వేరే సంగతి.

ఒక వాద్యం గొంతును ఇంకొకటి పలికించే ‘టోన్’ బటన్ మీద కూడా ఇదే తగాదా. ఇక్కడ మన దగ్గరే తిరుగులేని సాక్ష్యం ఉంది. 1954లో వచ్చిన ‘నాగిన్’ హిందీ సినిమాకు హేమంత్ కుమార్ సంగీతం. అందులోని పాములవాళ్ళ నాగస్వరం వాయించింది పాములవాడు కాదు, కళ్యాణ్‌జీ. వాయించిన పెట్టె క్లావియోలిన్, ఫ్రాన్స్‌లో కాన్‌స్టంట్ మార్టిన్ 1947లో చేసిన ఎలక్ట్రానిక్ మెట్ల వాద్యం. పెళ్ళి ఊరేగింపులో బ్యాండువాళ్ళు ఆ వరస ఎత్తుకోగానే రుమాలు నోట పెట్టుకుని నేల మీద పడి బుస కొట్టే కుర్రాళ్ళు వింటున్నది అసలు నాగస్వరాన్ని కాదు, ఆ నకలుకు క్లారినెట్ మీద చేసిన నకలును. పాములవాడి నాగస్వరం గొంతు ఎలా ఉండాలో ఒక కీబోర్డు తేల్చింది, దేశం ఒప్పేసుకుంది.

తర్వాతి కాలంలో కంపెనీలే మన దేశం వైపు చూశాయి. యమహా, కాసియో రెండూ ఇండియా కోసం ప్రత్యేకంగా కీబోర్డులు తెచ్చాయి: తబలా లయలు, తంబురా నాదం, సితార్, షహనాయి గొంతులు, యమహాలోనైతే సాధన కోసం తంబురా తబలా కలిపి మోగే ‘రియాజ్’ సదుపాయం. వాటిలోని ఆదితాళమో కహర్వానో నొక్కినప్పుడు ఎక్కడ ముక్తాయింపు పడాలో, తబలా జంటలోని ఎడమది, బాయాం, ఎంత గుమ్మనాలో తేల్చింది ఎవరో ఒక వాద్యగాడే. కీబోర్డు వెంట వచ్చే పుస్తకంలో ఆ లయకు ఒక నంబరు, ఒక పేరు ఉంటాయి. కట్టినవాడి పేరు ఉండదు. హిరోకో ఒకుదా పేరు లోకానికి తెలిసింది, జమైకాలో వందల పాటలు వచ్చాక ఎవరో వెతుక్కుంటూ వెళ్ళి అడిగారు కనుక.