ఎయిర్ ఫిల్టర్ (ఆఫ్‌రోడ్ మోటారు సైకిల్)
ఇంజను పీల్చే గాలిలోని దుమ్మును ఆపే భాగం. నిర్మల్ జిల్లా ఖానాపూర్ నుంచి కడెం, కవ్వాల్ అడవుల వైపు మట్టిబాటల్లో తిరిగే బండికి ఇది త్వరగా పూడుకుపోతుంది; పికప్ తగ్గుతుంది. అంతకన్నా చేటు చిరిగిన ఫిల్టర్: లోపలికి పోయిన ఇసుక పిస్టన్ రింగులను, సిలిండర్ గోడలను అరగదీస్తుంది.

ఆఫ్‌రోడ్ బండ్లలో ఎక్కువగా నూనె పట్టించిన స్పాంజి ఫిల్టరే ఉంటుంది. దాన్ని ఫిల్టర్ క్లీనరుతో, ఆపై సబ్బునీళ్లతో కడిగి, మెలిపెట్టకుండా నొక్కి పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టాలి. పెట్రోలుతో కడిగితే అతుకులు ఊడే ప్రమాదం ఉంది, నిప్పు భయం సరేసరి. ఆరాక ఫిల్టర్ ఆయిల్ అంతటా సమంగా పట్టించి, అంచుకు గ్రీజు రాసి బిగించాలి. మామూలు బైకుల్లోని జిడ్డు పూసిన కాగితపు ఫిల్టర్‌ను మాత్రం కడగరు, గాలి కొట్టరు. గడువుకు మారుస్తారు, దుమ్ముదారుల్లో ఇంకా ముందే.