యేసుక్రీస్తు చారిత్రక పురుషుడేనా?



ఈ సాయంకాలము నేను మీ యెదుట విచారింపదలచిన ప్రశ్న మన పల్లెలలో రచ్చబండలయొద్ద నప్పుడప్పుడు వినవచ్చునదియే. యేసుక్రీస్తు అను మనుష్యుడు నిజముగా నీ భూమిమీద సంచరించెనా, లేక ఆయన కథ పిదపటివారు కల్పించినదా? ఈ మాట విని భక్తుడు కోపించుట కద్దు, సంశయించువాడు నవ్వుట కద్దు. కోపమువలనగాని నవ్వువలనగాని తగవు తీరదు గదా. మీరు పంచాయతీలో చేయునట్లు సాక్షులను పిలిచి వినుటయే మార్గము.

మొదట హద్దులు నిర్ణయించుకొందము. క్రీస్తు దేవుని కుమారుడా, మృతులలోనుండి లేచెనా అనునవి విశ్వాసమునకు సంబంధించిన ప్రశ్నలు. వానిని తేల్చుటకు చరిత్రకు సాధనములు లేవు. నేను విచారించునది చిన్న ప్రశ్న. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున యూదయ దేశమున యేసు అను బోధకుడొకడు జీవించి, రోమను అధికారి యాజ్ఞచే సిలువ వేయబడెనా? ఇంతమాత్రమే.

పూర్వకాలపు మనుష్యుడొకడు ఉండెనని మనమెట్లు తెలిసికొందుము? ఈ పద్ధతిని తెలిసికొనుటకు దూరదేశము పోనక్కరలేదు. బిజినేపల్లి ప్రాంతమువారికి నంది వడ్డెమాను తెలియని యూరు కాదు. పూర్వము దానికి వర్ధమానపురమని పేరు. కాకతీయుల కాలమున గోనవంశపు రెడ్లు అచ్చటనుండి యీ సీమను పాలించిరి. ఆ వంశములోని బుద్ధారెడ్డి రంగనాథ రామాయణమును రచించెనని ప్రసిద్ధి. ఆ గ్రంథమును నిజముగా నెవరు వ్రాసిరని పండితులు బహుకాలము వాదులాడిరి. అయినను బుద్ధారెడ్డి యను పురుషుడుండెనా యను సంశయమునకు తావు లేదు. ఏలయన, ఆయన కుమార్తెయు మల్యాల గుండనాథుని భార్యయునైన కుప్పాంబిక 1276లో బూదపురమున, అనగా నేటి భూత్పూరున, వేయించిన శాసనమున్నది. అట్లే గోన గన్నారెడ్డిని గూర్చి నవల వెలసినది, చలనచిత్రమున ఆయన సాహసములు చూపబడినవి. వానిలోని కల్పనలన్నియు తీసివేసినను, రాయచూరు కోటగోడలోని 1294 నాటి శాసనమున ఆయన పేరు నిలిచియే యున్నది. కథలు చేరినంతమాత్రమున మనిషి లేడని యనరాదు. శాసనమున పేరున్నంతమాత్రమున కథలన్నియు నిజమనియు ననరాదు.

సాక్ష్యమును పరీక్షించుటకు మూడు ప్రశ్నలు చాలును. సాక్షి ఆ సంఘటనకు ఎంత దగ్గరివాడు? ఆ మాట చెప్పుటవలన అతనికి లాభమున్నదా? ఒకరితో నొకరు కూడబలుకుకొనని సాక్షులు ఒకే మాట చెప్పుచున్నారా? ఈ మూడు ప్రశ్నలతో యేసును గూర్చిన సాక్ష్యమును చూతము.

లేనిదానిని ముందుగా చెప్పుట న్యాయము. యేసు తన చేతితో వ్రాసినదేదియు మనకు చిక్కలేదు. ఆయన విచారణను గూర్చి నాటి న్యాయస్థానపు పత్రమేదియు నిలువలేదు. ఆయన పేర నాణెము లేదు, శాసనము లేదు. ఇది కొరతయే, కాని వింత కాదు. ఆయన వడ్రంగి యింట పెరిగినవాడు. కోట కట్టలేదు, సేన నడపలేదు. మన శాసనములలోను రాజులు, సామంతులు, దాతలు కనబడుదురుగాని, నాగలి పట్టినవాని పేరు ఎంత అరుదుగా కనబడును!

ఇక నున్న సాక్షులలో మొదటివాడు పౌలు. యేసు మరణము 30లోనో 33లోనో జరిగెనని పండితుల యభిప్రాయము. పౌలు జాబులు 50 మొదలు 60 వరకు గల కాలమున వ్రాయబడినవి. అనగా నడుమ ఒక తరముకంటె తక్కువ కాలమే గడచినది. గలతీయులకు వ్రాసిన జాబులో పౌలు తాను యెరూషలేమునకు పోయి పేతురును, ప్రభువు సహోదరుడైన యాకోబును చూచితినని చెప్పెను. ఇది యేసు ఉండెనని నిరూపించుటకు వ్రాసిన మాట కాదు. తన యధికారము పేతురు మొదలగువారివలన వచ్చినది కాదని వాదించుచు, నడుమ చెప్పిన మాట. ఇట్టి మాటకు విలువ హెచ్చు. పుట్టనివానికి తోబుట్టువు ఉండడు గదా.

రెండవది సువార్తలు నాలుగు. మార్కు వ్రాసినది సుమారు 70 నాటిదనియు, యోహాను వ్రాసినది ఆ శతాబ్దము చివరిదనియు సామాన్యముగా చెప్పుదురు. ఇవి భక్తుల గ్రంథములు, కావున జాగ్రత్తతో చదువవలెను. వానిలో పొసగని మాటలు కలవు. మత్తయి ప్రకారము యేసు హేరోదు రాజు దినములలో పుట్టెను. ఆ రాజు క్రీస్తుపూర్వము 4లో మరణించెను. లూకా ఆ జననమును కురేనియు నాటి జనసంఖ్యతో ముడిపెట్టెను. ఆ లెక్క జరిగినది క్రీస్తుశకము 6లో. ఈ రెండింటిని పొసగించుట కష్టము. అయినను రెండవ ప్రశ్న యిచ్చట పనికివచ్చును. యూదులు ఎదురుచూచిన అభిషిక్తుడు విజయము సాధించు రాజు. సిలువ బానిసలకును తిరుగుబాటుదారులకును విధించు అవమానకరమైన శిక్ష. కల్పింపదలచినవాడు తన నాయకునికి అట్టి చావును కల్పించునా? మెస్సీయా రావలసిన ఊరు బేత్లెహేమని నమ్మకముండగా, పేరులేని నజరేతు పల్లెను ఆయనకు ఊరుగా కల్పించునా? భక్తులకు చెప్పుట కష్టమైన మాటను భక్తులే చెప్పినప్పుడు, అది జరిగినందుననే చెప్పిరని చరిత్రకారులు గ్రహింతురు.

మూడవ సాక్షి క్రైస్తవుడు కాడు. జోసీఫసు అను యూద చరిత్రకారుడు 93, 94 ప్రాంతమున తన జాతి చరిత్రను ముగించెను. అందు యేసు ప్రసక్తి రెండుచోట్ల కలదు. ఒకచోట క్రైస్తవ లేఖకులు తమ మాటలు చేర్చిరని పండితులు పట్టుకొనిరి. మూలమున కొంత యుండెనని పెక్కుమంది తలంతురు. రెండవచోట మాత్రము, క్రీస్తనబడు యేసు సహోదరుడైన యాకోబును ప్రధానయాజకుడు రాళ్లతో కొట్టించెనని ప్రసంగవశమున చెప్పబడినది. ఇది 62 ప్రాంతపు సంగతి. పౌలు చూచిన యాకోబునే జోసీఫసు వేరొక దారిని ఎరుగును. మన మూడవ ప్రశ్నకు ఇది సమాధానము.

నాల్గవ సాక్షి రోమను చరిత్రకారుడు టాసిటసు. 64లో రోము నగరము తగులబడగా, నీరో చక్రవర్తి ఆ నేరమును క్రైస్తవులపై మోపెనని ఆయన 116 ప్రాంతమున వ్రాసెను. వారి మతకర్త తిబెరియు పాలనలో పొంతి పిలాతుచే మరణదండన పొందెనని అందే చెప్పెను. ఆయనకు క్రైస్తవులపై అసహ్యము తప్ప అభిమానము లేదు. ఆయన క్రైస్తవులవలననే విని యుండవచ్చునను ఆక్షేపణ కలదు, అది తోసివేయరానిది. అయినను, యేసు లేడని యెన్నడైన వినియున్నచో అంత ద్వేషించువాడు దానిని విడిచియుండునా?

రాతి సాక్ష్యమును గూర్చియు చెప్పవలెను. 1961లో సముద్రతీరమున నున్న కైసరయ పట్టణపు శిథిలములలో ఇటలీ దేశపు పురావస్తు పరిశోధకులకు ఒక రాయి దొరకినది. దానిపై తిబెరియు పేరును, పిలాతు పేరును కలవు. పిలాతు పదవి పేరును టాసిటసు ఒక విధముగా వ్రాయగా, ఆ రాయి వేరొక విధముగా చెప్పి దిద్దినది. 1968లో యెరూషలేము దగ్గర నొక సమాధిలో మేకు దిగిన మడమయెముక బయటపడినది. సిలువ వేయబడినవానిని బంధువులు పాతిపెట్టుట సాధ్యమేయని దానివలన తెలిసినది. ఇవి యేసును నేరుగా పేర్కొనవు. ఆయన కథ జరిగిన చోటును, అధికారిని, శిక్షను నిజమని చూపును.

ఆ తిబెరియు చక్రవర్తి మన నేలకును అపరిచితుడు కాడు. నల్లగొండ సీమలోని అక్కెనపల్లెలో 1531 రోమను వెండి నాణెములు దొరకినవి. అవి అగస్టసు, తిబెరియుల నాటివి. నాగార్జునకొండ త్రవ్వకములలో తిబెరియు బంగారు నాణెము చిక్కినది. ఇవి యేసునకు సాక్ష్యము కావు. ఆ కాలము మన వర్తకులెరిగిన కాలమని మాత్రము చెప్పును.

కూటసాక్ష్యము విషయమున జాగ్రత్త వలయును. 2002లో యాకోబు పేరును, యేసు పేరును గల యొక యెముకల రాతిపెట్టె బయలుదేరి లోకమంతట గొప్ప సంచలనము కలిగించినది. అది యెచ్చట త్రవ్వగా దొరకెనో యెవరికిని తెలియదు; చెక్కడమును గూర్చి వివాదము తీరలేదు. దానిని లెక్కలో చేర్చుకొనకుండుటయే మేలు.

యేసు కేవలము కల్పితుడని వాదించినవారును లేకపోలేదు. జర్మనీలో పందొమ్మిదవ శతాబ్దమున బ్రూనో బౌరును, 1909లో ఆర్థరు డ్రూసును అట్లు వ్రాసిరి. కాని నేటి చరిత్రకారులలో అత్యధికులు, క్రైస్తవులు కానివారితో సహా, యేసు జీవించెననియు, పిలాతు కాలమున సిలువ వేయబడెననియు అంగీకరించుచున్నారు. నాకును ఆ సాక్ష్యము చాలినదిగానే తోచుచున్నది. బుద్ధారెడ్డిని ఒప్పుకొనుటకు ఏ తూనికరాయిని వాడితిమో, యేసునకును దానినే వాడవలెను. మనవారికొక రాయి, పరులకొక రాయి వాడు వర్తకుని మీరు సంతలో నిలువనిత్తురా? అట్లే, ఆయన జీవించెనని తేలినంతమాత్రమున మహిమలన్నియు రుజువైనవని భక్తుడును తలంపరాదు. ఆ మాట ఆయన హృదయమునకు విడువవలసినది.

తుదకు నొక విన్నపము. పిలాతు పేరు గల ఆ రాయి దొరకినప్పుడు నాటకశాలలో మెట్టుగా నుండెను. ఎవరో పూర్వము దానిని పనికిరాని బండయని తెచ్చి అచ్చట వేసిరి. ఎన్నియో పాదములు దానిపై నడచినవి. మన యూళ్లలోను అక్షరములున్న రాళ్లు గడపలైనవి, చాకిరేవు బండలైనవి, గట్లలో కూరుకొనిపోయినవి. కుప్పాంబిక శాసనము అట్లే పోయియున్నచో ఆమె పేరు నేడు మనకు ఎంతవరకు తెలిసియుండెడిదో ఆలోచింపుడు. మీ పొలమున, మీ గుడి ముంగిట అట్టి రాయి కనబడినచో పగులగొట్టనీయకుడు, సున్నము పూయనీయకుడు; చదువగలవారికి తెలుపుడు. అది యేమతమువాని పేరు చెప్పినను సరే, దానిని కాపాడుట పెద్దలైన మీ చేతిలో నున్నది.