విదేశీ ప్రయాణంలో అనారోగ్యం

విహారయాత్రకు గాని, బంధువులను చూడటానికి గాని, తీర్థయాత్రకు గాని పరాయి దేశానికి వెళ్ళిన వ్యక్తి అక్కడ జబ్బుపడి ఆసుపత్రిలో చికిత్స పొందవలసి వచ్చే స్థితిని విదేశీ ప్రయాణంలో అనారోగ్యం అంటారు. ఇటువంటి జబ్బుల నివారణను, చికిత్సను అధ్యయనం చేసే శాఖను ప్రయాణ వైద్యం అంటారు. ఈ రంగంలోని నిపుణుల అంతర్జాతీయ సంఘం 1991లో ఏర్పడింది. స్వదేశంలో వచ్చే జబ్బులే చాలావరకు విదేశంలోనూ వస్తాయి. కాని అక్కడ రోగి పూర్వ వైద్య చరిత్ర వైద్యునికి తెలియదు, భాష వేరు, చట్టం వేరు, ఖర్చు భరించే ఏర్పాటు వేరు. అందువలన చికిత్స ఎంత సాఫీగా సాగుతుందనేది బయలుదేరక ముందు చేసుకున్న ఏర్పాట్లపై చాలావరకు ఆధారపడి ఉంటుంది.

చరిత్ర - సికింద్రాబాదు

ప్రయాణికులను పీడించే జ్వరాల చరిత్రలో సికింద్రాబాదుకు ప్రత్యేక స్థానం ఉంది. బ్రిటిషు సైనిక వైద్యుడు రొనాల్డ్ రాస్ 1897 వేసవిలో సెలవుపై ఊటీ వెళ్ళి, అక్కడికి సమీపంలో మలేరియా ఎక్కువగా ఉండే సీగూర్ కనుమలో పరిశీలనలు జరిపాడు. ఆ సమయంలో ఆయనకే మలేరియా సోకింది. కోలుకొని సికింద్రాబాదుకు తిరిగివచ్చిన తరువాత, 1897 ఆగస్టు 20న దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఈ కృషికి 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఆయన పేరిట ఉన్న పరిశోధనా భవనం బేగంపేటలో పాత విమానాశ్రయం సమీపంలో ఉంది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమయ్యే వరకు జంటనగరాల నుండి విదేశాలకు వెళ్ళేవారు బేగంపేట నుండే విమానం ఎక్కేవారు. హైదరాబాదు ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం కూడా సికింద్రాబాదులోనే ఉంది.

ప్రయాణికుల ద్వారా వ్యాధులు దేశాలు దాటడానికి కూడా ఈ నగరాలు ఉదాహరణగా నిలిచాయి. 2009 మే నెలలో భారతదేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు, అమెరికా నుండి హైదరాబాదు చేరుకున్న ఒక ప్రయాణికునిలో నిర్ధారణ అయింది. తెలంగాణలో తొలి కోవిడ్-19 కేసును 2020 మార్చి 2న ప్రకటించారు. దుబాయి వెళ్ళివచ్చిన ఆ యువకునికి సికింద్రాబాదు గాంధీ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. అదే నెలలో ఇండోనేసియా నుండి కరీంనగర్ వచ్చిన బృందంలో పదిమందికి ఈ వ్యాధి సోకినట్లు తేలగా వారిని హైదరాబాదుకు తరలించి చికిత్స చేశారు. నల్లకుంటలోని జ్వరాల ఆసుపత్రికి రాస్ పేరే పెట్టారు. దానిని ప్రజలు నేటికీ కోరంటి ఆసుపత్రి అంటారు. వ్యాధిగ్రస్తులను వేరుగా ఉంచే క్వారంటైన్ పద్ధతి పేరే ప్రజల నోట కోరంటిగా మారింది.

సాధారణ కారణాలు

ప్రయాణికులలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే జబ్బు అతిసారం. కలుషితమైన నీరు, ఆహారం ద్వారా చేరే బాక్టీరియా దీనికి ముఖ్య కారణం. చాలామందికి ఇది కొద్ది రోజులలో తగ్గిపోతుంది. ఒంటిలో నీరు తగ్గకుండా ఓ.ఆర్.ఎస్. ద్రావణం తాగడం ప్రధాన చికిత్స. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, మూత్రం బాగా తగ్గడం వంటి లక్షణాలు కనిపిస్తే ఆసుపత్రికి వెళ్ళడం అవసరం.

మరణానికి దారితీసే కారణాలు ఇందుకు భిన్నమైనవి. విదేశీ ప్రయాణాలలో సంభవించే మరణాలలో గుండె, రక్తనాళాల జబ్బులు, ప్రమాదాలు ముందు వరుసలో ఉంటాయి. అమెరికాలోను, గల్ఫ్ దేశాలలోను వాహనాలు రోడ్డుకు కుడివైపున నడుస్తాయి. ఎడమవైపు ప్రయాణానికి అలవాటుపడిన భారతీయులు రోడ్డు దాటేటప్పుడు తప్పు దిక్కుకు చూసి ప్రమాదానికి గురయ్యే అవకాశం ఉంది.

సుదీర్ఘ ప్రయాణాలలో కదలకుండా కూర్చోవడం వలన కాలి సిరలలో రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం కలుగుతుంది. నాలుగు గంటలు, అంతకు మించిన ప్రయాణం తరువాత ఈ ముప్పు సుమారు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన అధ్యయనం తెలిపింది. అయినా మొత్తం మీద ఇది అరుదైన సమస్యే. మధ్య మధ్య లేచి నడవడం, పిక్కలను కదిలించడం మంచిదని వైద్యులు చెబుతారు.

ముందు జాగ్రత్తలు

టీకాలు: ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని కొన్ని దేశాలకు వెళ్ళేవారికి పచ్చజ్వరం టీకా అవసరం. టీకా వేసుకున్న పది రోజుల తరువాత దాని ధ్రువపత్రం చెల్లుబాటులోకి వస్తుంది. 2016 జూలై 11 నుండి ఈ పత్రం జీవితాంతం చెల్లుతుంది. ఆ దేశాల నుండి ధ్రువపత్రం లేకుండా భారతదేశానికి వచ్చేవారిని ఆరు రోజుల వరకు విడిగా ఉంచవచ్చు. హైదరాబాదులో ఈ టీకాను నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. హజ్, ఉమ్రా యాత్రికులకు మెనింజైటిస్ టీకాను సౌదీ అరేబియా తప్పనిసరి చేసింది.

మందులు: మధుమేహం, రక్తపోటు ఉన్నవారు ప్రయాణకాలానికి సరిపడా మందులను, వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో ఉంచుకోవాలి. విమానం సామానుగదిలో గడ్డకట్టే ప్రమాదం ఉన్నందున ఇన్సులిన్‌ను పెద్దపెట్టెలో పెట్టరాదు. వ్యాపార నామాలు దేశానికొక తీరుగా ఉంటాయి కనుక చీటీలో మందు అసలు పేరు ఉండటం ముఖ్యం. ఒక్కోసారి అసలు పేరు కూడా మారుతుంది. భారతదేశంలో పారాసిటమాల్‌గా తెలిసిన మందును అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. రెండూ వేరని భ్రమపడి రెండిటినీ వేసుకుంటే మోతాదు మించి కాలేయం దెబ్బతినవచ్చు. బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియాలలో రక్తంలోని చక్కెరను మిల్లీమోళ్ళలో కొలుస్తారు. ఇక్కడి కొలత ప్రకారం 180 మిల్లీగ్రాములంటే అక్కడ 10 మిల్లీమోళ్ళు. ట్రమడాల్, కోడీన్ వంటి నొప్పి మందులపై గల్ఫ్ దేశాలలో కఠిన నియంత్రణ ఉంది. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో గసగసాలు సైతం నిషిద్ధం.

అత్యవసర సంఖ్యలు: 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 సేవ తెలుగువారికి సుపరిచితం. కాని ఈ సంఖ్య విదేశాలలో పనిచేయదు. అమెరికా, కెనడాలలో 911, ఐరోపా సమాఖ్య దేశాలలో 112, బ్రిటన్‌లో 999, ఆస్ట్రేలియాలో 000, సింగపూరులో 995, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 998, సౌదీ అరేబియాలో 997 సంఖ్యలకు ఫోను చేసి అంబులెన్సును పిలవవచ్చు.

ఆసుపత్రి, ఖర్చులు

ఆరోగ్యశ్రీ, 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకాలు విదేశీ ఆసుపత్రులలో వర్తించవు. స్వదేశంలో తీసుకున్న ఆరోగ్య బీమా పాలసీలలో అధిక భాగం కూడా భారతదేశానికే పరిమితం.

అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం, మెడికేర్ నిధులు పొందే ఆసుపత్రి అత్యవసర విభాగానికి వచ్చిన వ్యక్తిని చెల్లింపు శక్తితో నిమిత్తం లేకుండా పరీక్షించి, ప్రాణాపాయ స్థితి నుండి స్థిరపరచాలి. కాని ఇది ఉచిత వైద్యం కాదు. బిల్లు తరువాత వస్తుంది. ఆసుపత్రి, వైద్యులు, అంబులెన్సు వేరువేరుగా బిల్లులు పంపవచ్చు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు చెల్లించలేనివారి కోసం లిఖితపూర్వకమైన ఆర్థిక సహాయ విధానం కలిగి ఉండాలని 2010 నాటి ఆరోగ్య చట్టం నిర్దేశించింది. సందర్శకులకు అది వర్తిస్తుందా లేదా అన్నది ఆయా ఆసుపత్రి నియమాలను బట్టి ఉంటుంది. ప్రభుత్వ నిధులు పొందే ఆసుపత్రులు ఆంగ్లం రానివారికి దుబాసీ సహాయాన్ని ఉచితంగా కల్పించాలి. అందువలన ఆంగ్లం రాని పెద్దలు తెలుగు దుబాసీని కోరవచ్చు. అనేక ఆసుపత్రులు ఈ సహాయాన్ని ఫోనులో అందిస్తాయి.

బ్రిటన్‌లో అత్యవసర విభాగంలో తొలి చికిత్స ఉచితం. ఆసుపత్రిలో చేర్చుకున్న తరువాతి చికిత్సకు మాత్రం, ఇంగ్లాండులో, విదేశీ సందర్శకుల నుండి సాధారణ రేటుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. ఐరోపాలోని షెంజెన్ దేశాల వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

ప్రయాణ బీమా

బీమా రంగాన్ని నియంత్రించే ఐ.ఆర్.డి.ఎ.ఐ. ప్రధాన కార్యాలయం హైదరాబాదులో ఉంది. ప్రయాణ బీమా పాలసీలు సాధారణంగా ఆకస్మిక జబ్బు, ప్రమాదం, అత్యవసర తరలింపు, భౌతికకాయాన్ని స్వదేశానికి చేర్చడం వంటి ఖర్చులను భరిస్తాయి. ముందే నిర్ణయించుకున్న చికిత్స, మద్యం మత్తులో జరిగిన ప్రమాదం, సాహస క్రీడలు తరచుగా మినహాయింపులలో ఉంటాయి.

వివాదాలు ఎక్కువగా తలెత్తేది పూర్వం నుండి ఉన్న జబ్బుల విషయంలో. పిల్లలను చూడటానికి అమెరికా వెళ్ళే తల్లిదండ్రులలో చాలామంది మధుమేహం, రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారే. కొన్ని పాలసీలు ఇటువంటి జబ్బులను పూర్తిగా మినహాయిస్తాయి. కొన్ని, ప్రాణాపాయం ఏర్పడినపుడు స్థిరపరచే వరకే చెల్లిస్తాయి. జబ్బును దాచి పాలసీ తీసుకుంటే, ఆసుపత్రి రికార్డులలో అది బయటపడినపుడు మొత్తం క్లెయిమును తిరస్కరించవచ్చు. పెద్దవయసు వారి పాలసీలలో గది అద్దె, శస్త్రచికిత్స వంటి ఒక్కొక్క ఖర్చుకు విడివిడి పరిమితులు ఉండవచ్చు. అటువంటప్పుడు పాలసీ మొత్తం పెద్దదిగా కనిపించినా చేతికందే సొమ్ము తక్కువగా ఉంటుంది.

ఆసుపత్రిలో చేరే ముందుగాని, అత్యవసరమైతే చేరిన వెంటనే గాని బీమా సంస్థ సహాయ కేంద్రానికి ఫోను చేయాలని పాలసీలు షరతు పెడతాయి. పాలసీ సంఖ్య, ఆ కేంద్రం ఫోను సంఖ్య రోగితోపాటు కుటుంబ సభ్యులలో మరొకరి వద్ద కూడా ఉండటం అవసరం. డిశ్చార్జి పత్రం, వివరమైన బిల్లులు, రశీదులు లేకుండా స్వదేశం వచ్చాక క్లెయిము చేయడం కష్టమవుతుంది.

రాయబార కార్యాలయాల పాత్ర

విదేశాలలో తమ పౌరులకు సహాయపడటం కాన్సులేట్ల విధి అని 1963 నాటి వియన్నా ఒప్పందం పేర్కొన్నది. భారత దౌత్య కార్యాలయాలు బంధువులకు కబురు పంపడం, ఆసుపత్రితో మాట్లాడటం, పోయిన పాస్‌పోర్టుకు బదులు అత్యవసర పత్రం ఇవ్వడం వంటి పనులు చేస్తాయి. ఆసుపత్రి బిల్లులు చెల్లించడం వాటి సాధారణ బాధ్యత కాదు. 2009లో ఏర్పాటైన భారతీయ సమాజ సంక్షేమ నిధి నుండి, ఆర్థిక స్థితిని పరిశీలించి, మిక్కిలి అవసరంలో ఉన్నవారికి అత్యవసర వైద్య సహాయం చేస్తారు. హజ్ కాలంలో భారత ప్రభుత్వం మక్కా, మదీనాలలో యాత్రికుల కోసం వైద్య కేంద్రాలను నడుపుతుంది.

స్వదేశానికి తరలింపు

రోగి ప్రయాణానికి తగిన స్థితిలో ఉన్నాడని వైద్యుడు ధ్రువీకరించాలి. ఆపైన విమానయాన సంస్థ తన వైద్య పత్రాన్ని పూర్తిచేయించుకొని అనుమతిస్తుంది. స్ట్రెచరుపై వచ్చే రోగికి అనేక సీట్లు తీసుకోవలసి ఉంటుంది. తోడుగా సహాయకుడు, అవసరాన్ని బట్టి వైద్యుడు లేదా నర్సు ఉండాలి. అంబులెన్సు విమానానికి అయ్యే ఖర్చు ఇంతకంటే చాలా ఎక్కువ. చికిత్స కారణంగా వీసా గడువు దాటే పరిస్థితి ఏర్పడితే, గడువు ముగియక ముందే ఆసుపత్రి పత్రాలతో పొడిగింపు కోరవలసి ఉంటుంది.

రోగి మరణించిన పక్షంలో, స్థానిక మరణ ధ్రువపత్రం, శరీరాన్ని పాడవకుండా భద్రపరచినట్లు ధ్రువపత్రం, భారత దౌత్య కార్యాలయం నిరభ్యంతర పత్రం, రద్దుచేసిన పాస్‌పోర్టు ఉంటేనే భౌతికకాయాన్ని తీసుకురావడం వీలవుతుంది. సౌదీ అరేబియాలో దహన సంస్కారానికి అనుమతి లేదు. కనుక అక్కడ మరణించిన హిందువుల కుటుంబాలకు ఈ పత్రాలు మరింత ముఖ్యమవుతాయి.

తిరిగి వచ్చిన తరువాత

కొన్ని వ్యాధులు ఇంటికి చేరాక బయటపడతాయి. డెంగీ సాధారణంగా దోమ కుట్టిన రెండు వారాలలోపు కనిపిస్తుంది. ప్రాణాంతకమైన ఫాల్సిపారం మలేరియా వారం నుండి నెల వరకు, వైవాక్స్ మలేరియా కొన్ని నెలల తరువాత కూడా బయటపడవచ్చు. అందువలన విదేశం నుండి వచ్చాక జ్వరం వస్తే, ఏ దేశానికి ఎప్పుడు వెళ్ళి వచ్చారో వైద్యునికి తప్పక చెప్పాలి. మలేరియాను సకాలంలో గుర్తిస్తే మందులతో నయమవుతుంది. ఆలస్యమైతే ప్రాణం తీయగలదు.

ఇవి కూడా చూడండి

రొనాల్డ్ రాస్
గాంధీ ఆసుపత్రి
మలేరియా
ఆరోగ్య బీమా
పాస్‌పోర్టు